పొక్కు లేని దురద

ఈ పొద్దున మా పాపకు చెమటకాయలు పేలాయని, స్నానానికి వేపాకు వేసి నీళ్లు పెట్టాను. ఆ చేదు ఆవిరి ముఖానికి తగలగానే అనసూయమ్మగారు గుర్తొచ్చారు. అశోక్‌నగర్‌లో నేను ఉద్యోగ పరీక్షలకు చదువుకునే రోజుల్లో ఆమె మా హాస్టల్ పక్కింట్లో ఉండేవారు. భర్త ఉద్యోగం కోసం ఎప్పుడో కోస్తా నుంచి వచ్చారట. ఆయన పోయాక ఒక్కరే మిగిలారు.

ఆ వానాకాలం నాకు గజ్జి పట్టుకుంది. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ గోకి గోకి రక్తం వచ్చేది. గదిలో ఐదుగురం. "ఏమనుకోకక్కా, జర నీ మంచం వరండాల ఏసుకో. పరీక్షల ముంగట మాకు అంటుకుంటే పరేషాన్ అయితది" అంది ఒక పిల్ల. ఆమె భయంలో తప్పు లేదు. అయినా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పక్క గోడ మీదుగా అనసూయమ్మగారు చూశారు.

"ఏంటమ్మాయ్, ఆ చేతులు ఇలా చూపించు."

"ముట్టకుండ్రి అమ్మా, అంటుకుంటది."

"అంటుకుంటే అంటుకుంటుందిలే. లోపలికి రా."

వేపాకు కాచిన నీళ్లు గోరువెచ్చగా పోశారు. వేపాకు, పసుపు నూరి తన చేత్తోనే వీపుకు రాశారు. "ఇది మంట చల్లారడానికేనమ్మా. గజ్జి పోవాలంటే మందు పడాల్సిందే" అంటూ మర్నాడు నారాయణగూడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నెలలోపే తగ్గింది. ఆ మరుసటి ఏడు ఉద్యోగం వచ్చి వేరే జిల్లాకు వెళ్లాను.

కొన్నేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమే ఫోన్ చేశారు. "ఒళ్లంతా ఒకటే దురదమ్మా. పైకి ఒక్క పొక్కు లేదు. వేపాకుకీ తగ్గట్లేదు." ఆఫీసులో తనిఖీ నడుస్తోంది. "కొబ్బరినూనె రాసి చూడుండ్రి అమ్మా, మళ్ల చేస్త" అన్నాను. చేయలేదు.

రెండు నెలలకు వెళితే మంచంలో ఉన్నారు. కిడ్నీలు పాడయ్యాయని, దురద అందుకేనని డాక్టర్లు చెప్పారట. "నేను మళ్ల చెయ్యలే అమ్మా" అంటూ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"పనిలో ఉంటావు కదమ్మా. ఆ వీపు కాస్త రాయి... ఇంకొంచెం ఎడమపక్క."

నూనె రాస్తుంటే ఎముకలు చేతికి తగిలాయి. వారంలోపే పోయారు.

ఆ రోజు ఫోన్‌లో నేను అడగాల్సింది ఒక్కటే: "ఎన్ని రోజుల సంది అమ్మా?" ఇప్పుడు ఎవరు ఏ బాధ చెప్పినా ముందు అదే అడుగుతాను, ఎంత పనిలో ఉన్నా జవాబు పూర్తిగా వింటాను. నన్ను మంచిదంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుంటాను.