మూడోవంతు పొయ్యి

భర్త శవపేటిక గడప దాటి వారం తిరగకముందే ముగ్గురు పెద్దమనుషులు కొలతబద్ద పట్టుకుని వచ్చి, కెజీయా థేయర్ ఇంట్లో కెజీయా థేయర్‌కి మూడోవంతు పంచి ఇచ్చారు. బద్ద జారిపోకుండా రెండో కొస ఆమే పట్టుకుంది.

మసాచుసెట్స్‌లో ఇదే న్యాయం. మగవాడు వీలునామా రాయకుండా పోతే ఇల్లు కొడుకుది. పెళ్ళానికి బతికినన్నాళ్ళూ మూడోవంతు. అందులో ఉండొచ్చు, అమ్మకూడదు, గోడలో మేకు పీకినా తప్పే, వాటా పోతుంది. కొడుకు ఎలీఫలెట్ ఆమె కడుపున పుట్టినవాడు కాదు, మొదటి భార్య కొడుకు.

ఆ ఇల్లు ఎట్లా లేచిందో ఎదురింటి వాళ్ళం మాకు తెలుసు. ఆమె కాపురానికి వచ్చేనాటికి ఒక గది, దాని పక్కన ఒక పొగగొట్టం, అంతే. పొగగొట్టానికి పడమటివైపు రెండో గది, వెనక వంటిల్లు, పైన పడకగదులు అన్నీ తర్వాత వచ్చినవే. చలికి ఇల్లంతా ఆ పొగగొట్టాన్ని కావలించుకుని కూర్చున్నట్టుంటుంది. మెట్లు కూడా దాని చుట్టూ మెలి తిరిగి పైకి పోతాయి. వంటింట్లో నిప్పుగూడు పక్కన గుమ్మటంలాంటి రొట్టెల పొయ్యి. ఆ పొయ్యి ఇటుకలకు బంకమట్టి తొక్కింది కెజీయా కాళ్ళే.

పెద్దమనుషులు ఆమెకు పడమటి గది, దాని మీది గది, నేలమాళిగలో ఒక మూల, మెట్లెక్కే హక్కు ఇచ్చారు. రొట్టెల పొయ్యిలో మూడోవంతు కూడా ఇచ్చారు.

"పొయ్యిని ఎట్లా కోస్తారయ్యా?" అని అడిగింది కెజీయా.

"కొయ్యనక్కర్లేదమ్మా. శనివారం పొయ్యి కాలినప్పుడు నీ కుండకీ చోటుంటుంది. న్యాయం ఎవర్నీ పస్తు పెట్టదు" అన్నాడు వాళ్ళలో ముఖ్యుడు, చర్చి పెద్ద డీకన్ ఓబెద్.

ఎలీఫలెట్ ఆమె గదికి వీధివైపు వేరే తలుపు పెట్టించాడు. దారిన పోయేవాళ్ళు బండి ఆపి, "ఎంత ముచ్చటైన జంట ఇల్లో! అన్నదమ్ములెవరో ప్రేమగా కట్టుకున్నట్టున్నారు" అని మెచ్చుకునేవాళ్ళు.

శనివారం పొద్దుగూకితే మాకు విశ్రాంతిదినం మొదలు. ఇక వంట పాపం. అందుకే చిక్కుడుగింజల కుండ, మొక్కజొన్న రొట్టె ముందే పొయ్యిలోకి చేరాలి. రాత్రంతా మగ్గి ఆదివారానికి అదే తిండి. ఎలీఫలెట్ భార్య డోర్కస్ పొయ్యి నోటి రాతిమీద సున్నంతో ఒక గీత గీసింది.

"అత్తయ్యా, మీ కుండ గీత దాటింది."

"కుండకి కళ్ళు లేవు కదా తల్లీ" అని కెజీయా వెనక్కి జరుపుకునేది.

ఇంతలో ఊళ్ళోకి ఇనుప పొయ్యిలు వచ్చాయి. డోర్కస్ ఒకటి కొనిపించుకుంది. పాత నిప్పుగూడు, రొట్టెల పొయ్యి రెండింటికీ అడ్డంగా ఎలీఫలెట్ ఇటుకలు పేర్చి పూత పూయించాడు. కెజీయా మొదటిసారి ఫిర్యాదుకు వెళ్ళింది. డీకన్ వచ్చి గోడ తట్టి చూశాడు.

"నీ వాటా ఎక్కడికీ పోలేదమ్మా. లోపల భద్రంగా ఉంది."

అప్పటినుంచి ఆమె కుండ శనివారం శనివారం వీధి దాటి మా ఇంటికి వచ్చేది. మంచులోనూ వచ్చేది.

పోయిన శిశిరంలో ఎలీఫలెట్ గడ్డివాము మీదనుంచి పడి చచ్చిపోయాడు. తండ్రిలాగే వీలునామా రాయలేదు. ఇల్లు కొడుకు రూఫస్‌ది అయింది. మళ్ళీ అదే డీకన్, అదే కొలతబద్ద.

"నా సొంత కొడుకింట్లో నాకు కొలతలేంటండీ?" అంది డోర్కస్.

"అత్తగారి వాటా పోగా మిగిలినదాంట్లో నీకు మూడోవంతు. పొయ్యిలోనూ అంతే."

"ఏ పొయ్యిలో?"

"గోడ వెనకదాంట్లో."

పడమటి గది గుమ్మంలోంచి కెజీయా అంది: "కోడలా, సున్నం మిగిలిందా? ఇంకో గీత గీసుకోవాలి."

ఇనుప పొయ్యిని రూఫస్ పెళ్ళికి కానుకగా ఎప్పుడో ఇచ్చేశారు. అది ఇప్పుడు కొత్త కోడలు లవీనియాది. "నా పొయ్యిలో మా ఇద్దరి కుండకే చోటు చాలట్లేదు అత్తయ్యా" అని ఆ పిల్ల తేల్చేసింది. అత్త దగ్గర నేర్చిన పాఠమే మరి.

ఆ శనివారం కెజీయా మా ఇంటికి రాలేదు. పొయ్యి కెలికే ఇనుపకడ్డీ పట్టుకుని వంటింట్లోకి నడిచి, ఇంకో కడ్డీ డోర్కస్ చేతిలో పెట్టింది.

"వద్దత్తయ్యా, గోడ ముడితే వాటా పోతుందన్నారుగా!"

"నాది మూడోవంతు. మిగిలినదాంట్లో మూడోవంతు నీది. కలిపితే తొమ్మిదిలో ఐదు. సగం దాటాం. కొట్టు."

పూత రాలింది, ఇటుకలు జారాయి. లోపల రాతిమీద ఆ సున్నపు గీత చెక్కుచెదరకుండా ఉంది. డోర్కస్ మోకాళ్ళ మీద కూర్చుని పైగుడ్డతో దాన్ని రుద్ది చెరిపేసింది. ఆ రాత్రి రెండు కుండలూ పక్కపక్కన మగ్గాయి.

ఇల్లు పాడుచేశారని రూఫస్ ఫిర్యాదు చేశాడు. వచ్చే శనివారం మధ్యాహ్నం పెద్దమనుషులు చూడటానికి వస్తున్నారు. తప్పని తేలిస్తే ఇద్దరి గదులూ పోతాయి. ఎనభై దాటిన కెజీయా ఈ చలిలో ఎక్కడికి పోవాలో ఏ న్యాయమూ చెప్పదు.

అందుకని ఊరివాళ్ళందర్నీ అడుగుతున్నాను. చట్టం మార్చమని చట్టసభకు రాసిన అర్జీ మా వంటింటి బల్లమీద ఉంది, వచ్చి సంతకం చెయ్యండి. మగవాళ్ళారా, మీరు పోయాక మీ ఆవిడ వంటింట్లో ఎంతవరకు నడవొచ్చో డీకన్ తేల్చే గతి పట్టనివ్వకుండా, ఇవాళే వీలునామా రాయండి. ఆడవాళ్ళారా, మనల్ని పెద్దమనుషుల ముందు మాట్లాడనివ్వరు, తెలుసు. శనివారం మీ చిక్కుడుగింజల కుండలు తీసుకుని పొద్దున్నే థేయర్ వాళ్ళింటికి రండి. వంతులవారీగా ఆ పొయ్యిలో పెడదాం. పెద్దమనుషులు వచ్చేసరికి పొయ్యి వేడిగా ఉండాలి, ఊరి ఆదివారం భోజనమంతా అందులో ఉండాలి. దాన్ని మూసెయ్యమని అప్పుడు చెప్పమనండి.