షంషాద్‌ను చంపింది ఆ మిషన్ కాదు

నా పేరు సుబ్బాయమ్మ. డెబ్భైకి దగ్గర పడ్డాను. గుణదలలో కొడుకు, కోడలు, మనవరాలు అనూషతో ఉంటున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే అనూష టైప్ చేస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

నిన్న పొద్దున పక్కింటి రెహానా గోడ మీంచి కేకేసింది. "పెద్దమ్మా, అమ్మ లేవట్లేదు, తొందరగా రా!"

వెళ్లేసరికి మా షంషాద్ చెయ్యి చల్లబడిపోయింది.

నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టర్.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

వాళ్ల ఆడవాళ్లు గుడ్డ అడ్డం కట్టి స్నానం చేయించారు. నేను ఇవతల నిలబడ్డాను. ఆసుపత్రిలో ఏటా అలాగే నిలబడేదాన్ని, ఆమె బురఖా చేతిలో పట్టుకుని. నా వంతు వస్తే నా గొలుసు ఆమె చేతిలో ఉండేది. నిన్న పట్టుకోవడానికి ఏమీ లేదు.

అప్పుడే వినబడింది. వెనకాల ఎవరో రెహానాతో అంటున్నారు: "ప్రతి ఏడూ ఆ మిషన్లో పెట్టి నొక్కించుకుంటే ఒళ్లు గుల్లవ్వదా? నువ్వు మాత్రం వెళ్లకమ్మా."

రెహానా తల ఊపింది.

ఆ తల ఊపడం చూశాకే ఈ పోస్ట్ పెట్టమన్నాను.

వినండి. పదేళ్ల కిందట బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆసుపత్రిలో రొమ్ముకి ఫోటో తీస్తారని తెలిసింది. మామోగ్రామ్ అంటారు. షంషాద్ రానంది. "మగాళ్లు ఉంటారేమో అక్కా." ముందు నేను వెళ్లి, తలుపు తోసి చూసొచ్చాను. లోపల ఉన్నది ఆడపిల్లే.

ఆసుపత్రి అంటే పరగడుపు అని మాకు మేమే తీర్మానించుకున్నాం. మంచినీళ్లు కూడా తాగలేదు. ఎండలో సిటీ బస్సు. షంషాద్ అర డబ్బా పౌడర్ కొట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ ముందు చెమట కంపు కొడితే ఏం మర్యాద అని.

లోపలి పిల్ల నెత్తి కొట్టుకుంది. "పౌడర్ ఫిల్మ్‌లో తెల్లచుక్కల్లా పడుద్దమ్మా, రోగమేమో అని కంగారు పడతాం. కడుక్కుని రండి. ఆ నీరసమేంటి, టిఫిన్ చెయ్యలేదా? దీనికి తినొచ్చండీ!"

షంషాద్ నా వైపు చూసి, "ఇడ్లీ పోయె, పౌడరూ పోయె. ఇంకా ఏం పోగొడతావక్కా నాకు?" అంది. ఆ వరండాలో ఇద్దరం పడీపడీ నవ్వాం.

షంషాద్ ఫిల్మ్‌లో చిన్న గింజంత క్యాన్సర్ గడ్డ కనబడింది. చేత్తో వెతికినా దొరకనంత చిన్నది.

ఆపరేషన్ అయింది. మనిషి నిలబడింది. మనవడిని స్కూలుకి పంపింది. నాతో రోజూ పోట్లాడింది. మిషన్ చంపితే ఈ పదేళ్లు ఎక్కడివి? నాకు జవాబు చెప్పండి.

నొక్కుతుంది, నిజమే. పళ్లు బిగపట్టేలోపు అయిపోతుంది.

నలభై నిండిన ఆడది ఎవరైనా ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్నాళ్లకోసారి తీయించుకోవాలో డాక్టర్‌ని అడగాలి. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే అడగాలి. గడ్డ తగిలితే మాత్రం వయసూ గియసూ చూడొద్దు, ఆ రోజే వెళ్లండి. నెలసరి అయ్యాక ఓ వారానికి వెళ్తే నొప్పి తక్కువ. పౌడర్, సెంటు, క్రీము వద్దు. పైది ఒక్కటే విప్పేలా జాకెట్టో, చొక్కా లాంటిదో వేసుకోండి. పాత ఫిల్ములుంటే పట్టుకెళ్లండి.

తిని వెళ్లండమ్మా.

ఈ పొద్దున రెహానా దగ్గరికి వెళ్లాను. దానికి ఈ ఏడే నలభై. డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది, తల్లికి వచ్చింది కాబట్టి ఈ పిల్ల అశ్రద్ధ చెయ్యకూడదని.

"అమ్మ లేకుండా ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కలేను పెద్దమ్మా" అంది.

"నేను మాత్రం ఎక్కగలనా? నా గొలుసు తీసి ఎవరి చేతిలో పెట్టాలే ఇక?" అన్నాను.

ఇద్దరం కలిసి షంషాద్ మంచం మీది దుప్పటి మడతపెట్టాం.

నేను వచ్చేస్తుంటే వెనక నుంచి అంది. "నా నెలసరి డేటు వచ్చే వారం, పెద్దమ్మా. అది అయ్యాక ఓ వారం ఆగాలి కదా?"

"ఆగాలి" అన్నాను.

షంషాదూ, గోడ అవతల చప్పుడు లేకపోతే నాకేమీ తోచడం లేదే. నువ్వు మాత్రం హాయిగా పడుకో. నీ అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.

ఇట్లు, సుబ్బాయమ్మ వేలిముద్ర. కాగితం మీద వేశాను, అనూష ఫోటో తీసి కింద పెట్టింది.

సాక్షులు: అనూష, రెహానా.