తొమ్మిది మెట్లు, మూడు ప్రశ్నలు

మా ఇంటికి మిగిలిన గొప్ప తొమ్మిది రాతి మెట్లు. వాటి పైన ఒకప్పుడు పెద్ద పెంకుటిల్లు ఉండేదట. ఇప్పుడు రేకుల ఇల్లుంది. మా తాత ముఠాదారు. అంటే ఈ కొండల్లో కొన్ని ఊళ్ళకు పెద్ద. శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టేవాడు, తగవులు తీర్చేవాడు. ఆ పదవి పోయాక మాకు దక్కినవి ఈ మెట్లు, వెండి పొన్ను ఊడిపోయిన ఒక చేతికర్ర, నిటారుగా కూర్చునే అలవాటు. ఆశ్రమ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అన్నేళ్ళలో ఒక్కనాడూ కుర్చీకి వీపు ఆనించలేదు.

మా ఊళ్ళో ఫోను సిగ్నల్ ఆ మెట్ల మీదే బాగా అందుతుంది. కింది మెట్టు మీద ఒక గీత, పై మెట్టు మీద మూడు. అందుకని మా తమ్ముడి కూతురు ఇంటికి వచ్చిందంటే సగం రోజు ఆ మెట్ల మీదే ఉంటుంది. తను కబడ్డీ ఆడుతుంది. సరదాకి కాదు, అదే ఆమె ఉద్యోగం. ఆడవాళ్ళ లీగులో ఒక జట్టుకు ఒప్పందం మీద ఆడుతోంది, టీవీలో కనబడుతుంది. ఇక్కడ మాత్రం పొద్దున్నే లేచి కాఫీ పళ్ళు ఏరుతుంది.

మొన్నటి సీజన్లో సెమీఫైనల్ ఆఖరి కూతకు ఆమే వెళ్ళింది. ఒక్క పాయింటు తెస్తే చాలు. ముగ్గురిని తప్పించుకుని వెనక్కి వస్తూ కుడి మడమ గీత బయట పెట్టింది. జట్టు ఓడిపోయింది. మర్నాటి నుంచి ఆమె ఫోను ఆగకుండా మోగింది.

మడమ వాచి ఇంటికి వచ్చింది. మళ్ళీ క్యాంపుకు పది రోజుల్లో వెళ్ళాలి. మెట్ల మీద కూర్చుని, కాలు వేడినీళ్ళలో పెట్టుకుని, వచ్చిన మెసేజీలు మాకు చదివి వినిపించేది. కాలు విరగ్గొడతానన్నవాడు, మొహం మీద యాసిడ్ పోస్తానన్నవాడు, ఇంకా ఇక్కడ రాయలేనివి రాసినవాడు. చదివి నవ్వేది. మా తమ్ముడూ నవ్వేవాడు.

"ఫోన్లో తిట్టినోళ్ళందరూ కొండెక్కి వొస్తే పాడేరు జీపులు సాలవు. ఒగ్గీ గుంటా," అని కొట్టిపారేసేవాడు.

నేను నవ్వలేదు. భయపడనూ లేదు. నాకు ఆశ్చర్యం వేసింది. ఒక మనిషి మడమ గీత దాటితే, ఎక్కడో కూర్చున్న ఇంకో మనిషికి ఇంత కోపం ఎందుకు?

"వీళ్ళెవరే?" అని అడిగాను.

"నాకేటి తెలుసు అత్తా. సానామంది పందెం కాసినోళ్ళు. యాప్‌లో కాత్తారు. ఓడిపోతే తప్పు నాది."

"గెలిచినవాళ్ళు కూడా రాస్తారా?"

"ఆళ్ళెందుకు రాత్తారు? ఆళ్ళు బిర్యానీ తింతారు."

ఆమె కాఫీ పళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫోను నాకిచ్చి వెళ్ళమన్నాను. పాత జవాబు పత్రాలు దిద్దినట్టు ఒక నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. చంపుతానన్న ఒకడి ప్రొఫైల్ బొమ్మలో మందారపూల కుండీ ఉంది. ఇంకొకడు చంటిపిల్లను ఎత్తుకుని ఉన్నాడు. ఒక పెద్దమనిషి రెండు నెలల కింద "హ్యాపీ బర్త్‌డే చెల్లీ" అని రాశాడు. అదే మనిషి ఇప్పుడు ఆ చెల్లి కాళ్ళు నరుకుతానంటున్నాడు. చాలా మెసేజీలు పగలు పదకొండు గంటలకు వచ్చాయి. ఆఫీసుల్లో టీ ఇచ్చే వేళ. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని రాస్తున్నారా, గ్లాసు కింద పెట్టి రాస్తున్నారా అని చాలాసేపు ఆలోచించాను.

మూడో రోజున తప్పు చేశాను.

ఆమె ఆఖరి కూత వీడియో కింద, అందరికీ కనబడేటట్టు, ఒకడు రాశాడు: "ఇల్లూ వాకిలీ లేని కొండదాన్ని తెచ్చి ఆడిస్తే ఇంతే." చంపుతానన్నవాళ్ళకు నేను జవాబు రాయలేదు. ఇల్లు లేదన్నవాడికి రాశాను. ఆమె ఫోనులోంచే, ఆమె పేరు మీదే, పై మెట్టు మీద నిటారుగా కూర్చుని రాశాను.

"అయ్యా, ఈ అమ్మాయి ముఠాదారుల ఇంటి బిడ్డ. డుంబ్రిగుడ సంత దాటాక రెండో మలుపులో ఎడమకు తిరిగితే వలిసె చేను వస్తుంది. దాని పక్కన తొమ్మిది రాతి మెట్లున్న ఇల్లు మాది. సోమవారం పొద్దుటి బస్సుకు క్యాంపుకు బయలుదేరేదాకా అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది. మర్యాద తెలిసినవారు ఎవరైనా వచ్చి చూడవచ్చు."

కామాలు సరిగ్గా పడ్డాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను. పంపాక ఎన్నాళ్ళకో మా తాత కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

అవి వలిసె పూల రోజులు. కొండ వాలులన్నీ పసుపుపచ్చగా పూసి ఉంటే విశాఖ నుంచి కార్లలో జనం వచ్చి చేలల్లో నిలబడి ఫోటోలు తీసుకుంటారు. కొత్త మొహాలు ఎన్ని కనబడినా ఎవరూ తల తిప్పి చూడరు. గురువారం మధ్యాహ్నం ఆమె ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. మా మెట్లు. టార్పాలిన్ మీద ఆరబోసిన కాఫీ గింజలు. తీగ మీద ఆరేసిన ఆమె మోకాలి తొడుగులు. కింద ఇలా ఉంది: "లెక్కపెట్టాను. తొమ్మిదే. సోమవారం బస్సుకు నువ్వు నడిచే దారిలోనే ఉంటా. ఆ కుడికాలు ఇంకే గీతా దాటదు."

ఈసారి నవ్వలేదు. ఫోను బోర్లా పెట్టి, తీగ మీది తొడుగులు తీసి లోపల దాచింది.

"ఈడికెలా తెలిసింది అత్తా? బస్సు సంగతి కూడా తెలిసింది," అంది.

మా తమ్ముడు పాత మాటే ఎత్తుకోబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"నేనెల్లను," అంది ఆమె. "క్యాంపుకి ఎల్లను. కాలు నొప్పని సెప్పేత్తాను."

క్యాంపుకు వెళ్ళకపోతే ఒప్పందం పోతుంది. తొమ్మిదేళ్ళ నుంచి ఆమె తెల్లవారక ముందే లేచి వాగు దాకా పరుగెత్తడం నేను చూశాను. ఆ తొమ్మిదేళ్ళనూ నా ఐదు వాక్యాలు ఆపేశాయి. ఆ సాయంత్రమంతా నేను నోరు విప్పలేదు. దానికి క్షమాపణ లేదు.

మర్నాడు పొద్దున మెట్లు ఊడుస్తుంటే మా నాన్న చెప్పిన సంగతి గుర్తొచ్చింది. మా తాత కాలంలో జీలుగు కల్లు తాగినచోట ఒకడు ఇంకొకడిని "నరికేస్తా" అంటే దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. విన్నవాడు ఆ మాటను పొద్దున్నే ఈ మెట్ల దగ్గరికి తేవాలి. అన్నవాణ్ణి పిలిచి మా తాత మూడే ప్రశ్నలు అడిగేవాడు. ఎవరిని? ఎక్కడ? ఎప్పుడు? జవాబుల్లేక నీళ్ళు నమిలితే ఊరి దేవత రాయి దగ్గర ఒక కోడిని ఇచ్చి వెళ్ళిపోవాలి. మూడింటికీ జవాబు ఉంటే మాత్రం వాడి గొడ్డలి మెట్ల మీద పెట్టించేవాడు. కోపం చల్లారేదాకా ఇద్దరు పెద్దలు అవతలి మనిషి వెంట నడిచేవారు. ఇంకొకటి కూడా ఉంది. బెదిరింపు విని దాచినవాడు కూడా కోడిని ఇవ్వాలి.

చీపురు పక్కన పెట్టి నోటుబుక్కు తెచ్చుకున్నాను. పేజీలో మూడు గళ్ళు గీసి, రాసుకున్న మెసేజీలన్నిటినీ ఆ మూడు ప్రశ్నలూ అడిగాను. దాదాపు అన్నీ "ఎవరిని" దగ్గరే ఆగిపోయాయి. కొన్ని రెండో ప్రశ్న దాకా వచ్చాయి. మూడింటికీ జవాబు చెప్పింది ఒక్కటే. అందులో రెండు జవాబులు నేను అందించినవి.

లోపలికి వెళ్ళి ఆమెకు చెప్పాను. నిలబడే చెప్పాను. ఆమె నా జవాబును వెతికి పట్టుకుని బయటికి చదివింది.

"సంత దాటాక రెండో మలుపు... ఎడమకి... అడ్రసంతా ఇచ్చేసినావు. పిన్‌కోడు మరిసిపోనావేటి అత్తా?"

"ఇల్లు లేదన్నాడే."

"లేదంటే లేదనుకోనీ! ఆడేటైనా గృహప్రవేశానికి వొత్తాడా?"

తరవాత ఏడ్చింది. నేను చూస్తుండగా ఆమె ఏడవడం చిన్నప్పటి తరవాత అదే. ఆ జవాబును అక్కడి నుంచి తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ముందు పోలీసులకు చూపించాలని అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం నాకే వింతగా ఉంది. మా వాళ్ళలో ఎవరూ స్టేషన్ గడప తొక్కలేదు. మా తాత నాడు పోలీసులే ఈ మెట్లెక్కి, చెప్పులు కింద విప్పి వచ్చేవారని చెప్పుకుంటాం. ఇస్త్రీ చీర కట్టుకుని, తాత కర్ర పట్టుకుని, ఆమెతో ఆటో ఎక్కాను.

స్టేషన్లో రైటరు ఫోను చూసి, "బ్లాక్ చేసేయండమ్మా, రోజూ ఇలాంటివి వంద వస్తాయి," అన్నాడు.

"ఆ వందలో ఇది ఏ ఒక్కటో చూడమనే వచ్చాం," అన్నాను.

నా గొంతు తరగతి గదిలో లాగా పలికినట్టుంది. లోపలి నుంచి ఎస్సై వచ్చింది. మా మేనకోడలి కంటే రెండు మూడేళ్ళు పెద్ద ఉంటుందేమో. కుర్చీ చూపించింది. నోటుబుక్కు పేజీలు తిప్పింది.

"ఈ మూడు గళ్ళూ ఏంటి మేడమ్?"

చెప్పాను.

"మేం అడిగేదీ ఇంచుమించు ఇదే. ఇది ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా మెట్ల మీద."

"సరే. దారి, బస్సు వాడికెలా తెలిశాయి?"

అప్పటిదాకా కూర్చునే ఉన్నాను. ఆ ప్రశ్నకు లేచి నిలబడి జవాబు చెప్పాను. రైటరు తల వంచుకుని రాసుకున్నాడు. మా ఇంటి పేరు ఆ కాగితం మీద ఎక్కడం చూశాను. ఆకాశమేమీ విరిగిపడలేదు.

శనివారం సాయంత్రానికి మనిషిని పట్టుకున్నారు. ఫోను నంబరు, అరకులో దిగిన లాడ్జి పుస్తకం కలిపి చూశారట. మమ్మల్ని పిలిపించారు. నేనొక రౌడీని ఊహించుకుని వెళ్ళాను. ఇన్‌షర్టు చేసుకుని, కళ్ళజోడు పెట్టుకున్న ముప్పై ఐదేళ్ళ మనిషి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వలిసె పూలు చూపించడానికి భార్యనూ బిడ్డనూ తీసుకొచ్చాడట. వాళ్ళు చేలో ఫోటోలు దిగుతుంటే, వీడు రెండో మలుపు దాకా నడిచి వచ్చి మా మెట్లు లెక్కపెట్టాడు.

ఒక్క మాట అడగనిమ్మని ఎస్సైని అడిగాను. సరేనంది. వాడు రాసింది వాడిచేతే పైకి చదివించాను. "లెక్కపెట్టాను, తొమ్మిదే," అన్నదాకా చదివి ఆగిపోయాడు. రాసేటప్పుడు వాడి చెయ్యి ఇలా ఆగి ఉండదు.

"సోమవారం వచ్చేవాడివా?" అని అడిగాను.

"తెలీదండి," అన్నాడు.

రానని చెబుతాడనుకున్నాను. అందరూ చెప్పేది అదే కదా. ఈ మనిషి అబద్ధం ఆడలేదని నాకు నమ్మకం కలిగింది. వాడికే తెలియనిది, ఫోన్లో తిట్లేనని నవ్వేసిన మాకెలా తెలుస్తుంది?

మా మేనకోడలు నా పక్కనుంచి ముందుకు వచ్చింది. "మరి నాకెందుకు పంపినావు?"

వాడు మొదటిసారి ఆమె మొహం చూశాడు. "మీరు చదువుతారనుకోలేదండి," అన్నాడు.

"అన్నీ సదువుతాను," అంది ఆమె.

కేసు రాశారు. వాడి సంగతి కోర్టు చూసుకుంటుంది. మిగతా వాటిలో రెండు ప్రశ్నల దాకా వచ్చిన మెసేజీలను కూడా ఎస్సై తీసుకుంది. అవి పంపినవాళ్ళు ఎక్కడున్నారో ఇంకా తెలియదు.

ఆదివారం నేను ఊరి దేవత రాయి దగ్గరికి కోడిపుంజును పట్టుకెళ్ళాను. విని దాచినందుకు. ఇంటికొచ్చాక మా మేనకోడలు ఆ కూర వండి, అందరికీ వడ్డించి, నా కంచంలో మెడ ముక్క వేసింది. అది కూడా న్యాయమే.

సోమవారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. సంచీ భుజాన వేసుకుని ఆమె మెట్లు దిగింది. కుడి మడమ మీద బరువు వెయ్యడానికి ప్రతి మెట్టు దగ్గరా ఒక క్షణం ఆగింది. వేరే దారిన కారులో పంపిస్తామని జట్టువాళ్ళు అన్నా ఒప్పుకోలేదు. తను నడిచే దారిలోనే నడుస్తానంది. ఎస్సై పంపిన మహిళా కానిస్టేబులు మామూలు చీరలో ఒక పక్కన నడిచింది. ఇంకో పక్కన నేను కర్ర పట్టుకుని నడిచాను. ఇద్దరు పెద్దల లెక్క సరిపోయింది.

"అత్తా, ఆ కర్రతో ఎవరిని కొడతావు? దాన్ని సూసి బస్సే ఆగదు," అంది.

బస్సు ఆగింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, అద్దం జరిపి తల బయట పెట్టింది.

"మెసేజీలు రోజూ పొద్దున్నే నీకు పంపుతాను. మూడు ప్రశ్నలూ అడుగు. జవాబులున్నవి ఎస్సై గారికి బేగి పంపీ."

"అలాగే."

"జవాబు మాత్రం రాయకు."