చాచాను డ్రైవరన్నాను

పోయిన శుక్రవారం ప్రొద్దుటూరు నుంచి చాచా కొడుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అబ్బాజాన్ పోయినాడన్నా. మద్యాన్నం నమాజుకని లేసినాడు, అంతే." సౌదీలోని దమ్మామ్‌లో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి మూడుసార్లు విన్నాను. అప్పటి నుంచి ఏ కుర్చీలోనూ కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మీకాయన తెలియదు. ఆయనెవరో నేనొకసారి తప్పు చెప్పాను, ఈసారైనా సరిగ్గా చెప్పాలి.

నా చిన్నప్పుడు మాది ఇదే దమ్మామ్. నాన్న ఒక కంపెనీలో స్టోర్స్ చూసేవాడు. చాచాది మా ఎదురు ఫ్లాట్, చుట్టరికం లేకపోయినా బాబాయి లెక్కన చాచా అనేవాణ్ణి. వీధి చివర, సౌదీలు తొడుక్కునే తెల్లటి తోబులు కుట్టే దుకాణంలో ఆయన టైలర్. మెడలో టేపుతోనే భోజనానికి కూర్చునేవాడు. మనిషి ముఖం కంటే ముందు భుజాలు చూసేవాడు. మా ఇంటికొచ్చినవాళ్ల పేర్లు ఒక్కటీ గుర్తుండేవి కావు కానీ, ఎవరి ఎడమ భుజం కాస్త కిందికి ఉందో ఏడాది తర్వాత అడిగినా చెప్పేవాడు.

బయటి దేశాలవాళ్ల కుటుంబాల మీద తలకింత అని సౌదీ ప్రభుత్వం లెవీ వేసిన ఏడాది మా బిల్డింగ్ ఖాళీ కావడం మొదలైంది. నెలకొకరు ఫ్రిజ్ అమ్మకానికి పెట్టేవారు. మనల్నెప్పుడు వెళ్లమంటారో, పిల్లాడి చదువు మధ్యలో ఆగుతుందేమోనని నాన్న నన్ను నీలగిరుల్లో దొరల కాలం నాటి ఇంగ్లీషు బోర్డింగ్ స్కూల్లో వేశాడు. వాళ్లు పంపిన బట్టల జాబితా చూసి అమ్మ తల పట్టుకుంది. చాచా మాత్రం అందులోని బ్లేజర్ బొమ్మను పది నిమిషాలు కళ్లార్పకుండా చూసి, నేను కుడతానన్నాడు. కొలతలకు నిలబెడితే నేను గొప్పగా ఛాతీ పొంగించాను.

"ఊపిరి బిగబట్టాకు రా. నువ్వు గాలి పీల్చుకునేదానికి గూడా గుడ్డ ఉండల్ల," అన్నాడు.

ఆ స్కూల్లో గాలి పీల్చుకోవడమే కష్టమైంది. గంట కొడితే లేవాలి, గంట కొడితే ప్రార్థన, గంట కొడితే చన్నీళ్లు. సీనియర్ల బూట్లు పాలిష్ చేయాలి. ఇడ్లీని కూడా ఫోర్కుతోనే తినాలి. మొదటి నెలంతా ఏడ్చాను. మూడో నెలకల్లా కొత్తగా వచ్చి ఏడ్చేవాళ్లను నేనే వెక్కిరించాను. స్నేహం చేసేముందు వాళ్ల నాన్న ఏం చేస్తాడో కనుక్కోవడం నేర్చుకున్నాను. పెద్దవాణ్ణవడమంటే ఇదే అనుకున్నాను.

రెండో ఏడు చాచా దుకాణం నితాఖత్ అనే సర్కారు లెక్కలో ఎరుపు రంగులో పడింది. పెట్టుకోవాల్సినంతమంది సౌదీలను పెట్టుకోలేదని అక్కడ ఎవరికీ ఇఖామా, అదే దేశంలో ఉండే అనుమతి కార్డు, రెన్యువల్ కాలేదు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. చాచా కత్తెర ఒక్కటి పెట్టెలో వేసుకుని ప్రొద్దుటూరు చేరాడు.

సరిగ్గా అప్పుడే నాకూ చిక్కొచ్చింది. నేను సౌదీకి తిరిగి వెళ్లాల్సిన రీ-ఎంట్రీ వీసా గడువు, స్కూలు సెలవులకు నాలుగు రోజుల ముందే ముగుస్తోంది. ఆ తేదీ దాటితే నా ఇఖామా పోతుంది, అమ్మ దగ్గరికి దారి మూసుకుపోతుంది. నాన్నకు సెలవు దొరకలేదు. గార్డియన్‌గా రాయించిన మేనమామ కాలు విరిగి మంచం మీదున్నాడు. సంగతి తెలిసి చాచా తనే ఫోన్ చేసి, నేను పోయి తీసకొస్తా అన్నాడట.

రాత్రంతా బస్సులు మారి, నాన్న పంపిన ఉత్తరం ప్రింటు తీయించుకుని వచ్చాడు. ఏమవుతారని హౌస్‌మాస్టర్ అడిగితే, పక్కింటివాణ్ణని నిజం చెప్పాడు. పక్కింటివాళ్లతో పంపడం కుదరదని ఆయనను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను పెట్టె పట్టుకుని వచ్చేసరికి నా క్లాసువాళ్లు నలుగురు ఆయన అరిగిన చెప్పులు చూస్తున్నారు. ఎవర్రా అని అడిగారు.

"మా డ్రైవర్," అన్నాను.

హౌస్‌మాస్టర్ తలుపు దగ్గరే ఉన్నాడు. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా అని రిజిస్టరు తెరిచాడు. ఆ స్కూలు పిల్లల కోసం ఎక్కువగా డ్రైవర్లే వచ్చేవారు, వాళ్లకో ప్రత్యేకమైన గడి కూడా ఉంది. నా అబద్ధం వల్లే గేటు తెరుచుకుంది. కానీ నేనా మాట గేటు కోసం అనలేదు. సిగ్గుపడి అన్నాను. ఆ తేడా నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఒక్కసారి నా వైపు చూసి, లేచి వచ్చి నా చేతిలో పెట్టె తీసుకున్నాడు. టాక్సీ వెనక తలుపు తెరిచి నన్నెక్కించి, తాను ముందు సీట్లో కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు దిగేదాకా కమలాపండు ఒలిచి, తొనలు భుజం మీదుగా అందిస్తూనే ఉన్నాడు.

తర్వాత ఏళ్ల తరబడి పండక్కి ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. నేనా రోజు సంగతి ఎత్తబోతే, "బుజాలు పెరిగినాయా రా?" అని మాట మార్చేవాడు. క్షమించమని అడగలేకపోయాను. ఇక ఎవర్ని అడగాలి?

ఒక్క అవకాశం ఆ ప్రయాణంలోనే వచ్చింది, మరునాడు చెన్నై ఎయిర్‌పోర్టులో. ఈసారి మా చాచా అనే చెప్పాలని దారి పొడవునా అనుకుంటూనే వచ్చాను. గేటు దగ్గర జవాను నా టికెట్ చూసి, ఆయన వైపు వేలు చూపించి ఎవరని అడిగాడు. నేను నోరు తెరిచాను.

"డ్రైవర్ హూ సాబ్," అన్నాడు చాచా, నాకంటే ముందే.

లోపలికెళ్లి వెనక్కి తిరిగి చూశాను. అద్దం అవతల ఒక అడుగు వెనక్కి జరిగి, యజమాని పిల్లల్ని దిగబెట్టిన డ్రైవర్లు నిలబడినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.