గేట్‌పాసు ఫొటో

ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నతో నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది.

రెండు వేల సంవత్సరం దాటాక జరిగిన మాట ఇది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పని, చిట్కుల్‌లో కిరాయి ఇల్లు. కంప్యూటర్, స్కానర్, కలర్ ప్రింటర్ కొన్నాక నాకు కాస్త తలకెక్కింది. ప్రింటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌కూ, దోస్తు ఇచ్చిన సీడీలోని సాఫ్ట్‌వేర్‌కూ పోటీ పెట్టి చూడటమే నా ఆదివారం పని. మొదటిది ఉన్నదున్నట్టు అచ్చు వేస్తుంది గానీ రంగులు వెలవెలబోతాయి. రెండోది ముఖాన్ని నిగనిగలాడిస్తుంది, మరకలుంటే బ్రష్‌తో తుడిచేయవచ్చు. నా ఓటు ఎప్పుడూ రెండోదానికే.

అప్పుడే నా షిఫ్టులో పనిచేసే స్నేహితుడు గుండెపోటుతో పోయాడు. దినాలకు పటం కట్టించాలని అతని భార్య గేట్‌పాసు పట్టుకొచ్చింది. పెళ్లి ఫొటోలు వానకు తడిసి అతుక్కుపోయాయట. మిగిలింది గేట్‌పాసు మీద అంటించిన ఈ చిన్న ఫొటో ఒక్కటే. ఎవరూ మార్చకుండా ఫ్యాక్టరీవాళ్లు దాని మీద కొట్టిన ఊదారంగు ముద్ర కుడి చెంప దాకా పాకింది.

"అన్నా, జెర మంచిగ తియ్యి. పిల్లలు సూసుకోవాలె," అంది.

రెండు రోజులు కూర్చున్నాను. మొదటి సాఫ్ట్‌వేర్‌లో ముద్రతో సహా పాలిపోయిన ప్రింటు వచ్చింది. రెండోదాంట్లో ముద్ర అక్షరాలు ఒక్కొక్కటే చెరిపాను. చెంప మీద అలుక్కుపోయిన సిరా మరకను కూడా, ఎడమ చెంప రంగు తెచ్చి కప్పేశాను. ఎంత బాగా వచ్చిందో! ఆమె రాగానే గర్వంగా చేతికిచ్చాను.

ఆమె దాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది.

"గీయన ఎవరన్నా?"

ఆమె ప్రింటులో కుడి చెంప మీద వేలు పెట్టింది.

"చెంప మీద మచ్చ ఏది? ఆసిడ్ డ్రమ్ము పగిలి మొకం కాలలేదా? నువ్వే గద దవాఖానకు తోల్కపోయినవ్!"

నిజమే. ఆ రోజు అతని ముఖం మీద తడి తువాలు పట్టుకుని కూర్చున్నది నేనే. ఆ తర్వాత ఆరేళ్లు ఎదురెదురుగా కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పాం. అలాంటి మనిషి మచ్చను సిరా అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మళ్లీ చేస్తనమ్మా. ముద్ర ఒక్కటే తీసేసి మచ్చ ఉంచుత," అన్నాను.

"ఏది ముద్రనో, ఏది మచ్చనో నీకెర్కనా?"

ఆమె బల్ల మీదున్న పాలిపోయిన ప్రింటే తీసుకుని వెళ్లిపోయింది.

దినాల రోజు ఆ పటానికి దండ వేస్తూ దగ్గరగా వంగి చూశాను. ముద్ర ఎక్కడ ఆగిందో, మచ్చ ఎక్కడ మొదలైందో అప్పుడూ నాకు తెలియలేదు.