పిలుపు లేని పాట

కమ్మరి సైలాస్ ప్యూ గొంతు పాడటానికి పుట్టిందా, పోట్లాడటానికి పుట్టిందా అన్నది వేల్స్‌లోని మా పల్లె లాన్‌గెథిన్‌లో చివరిదాకా తేలలేదు. రెండింటికీ బ్రహ్మాండంగా పనికొచ్చింది మరి! ముప్పై ఏళ్ళు రాజుగారి చర్చి మీద పోట్లాడాడు. అంతకన్నా ఎక్కువ ఏళ్ళు క్రిస్మస్ తెల్లవారుజామున అదే చర్చిలో నిలబడి పాడాడు. అదేమిటని మావాళ్ళెవరూ అడగరు. అడిగారంటే పైఊరివాళ్ళే.

పోట్లాటకు మూలం ఒక ఆవు. సైలాస్ చిన్నప్పుడు, పంటలో పదోవంతు చర్చికి ఇవ్వలేదని పోలీసులొచ్చి వాళ్ళింటి ఆవును తోలుకుపోయారు. ఆ ఇంటివాళ్ళు చర్చి గడప తొక్కేది క్రిస్మస్ పాటలకే. మిగతా ఏడాదంతా వెళ్ళేది, ఆ చర్చితో పొత్తులేని క్రైస్తవులు సొంతంగా కట్టుకున్న మందిరానికి, ఊళ్ళో ముప్పాతికమంది లాగే. అయితేనేం, చట్టం దృష్టిలో దేశానికి ఒకటే చర్చి, అది రాజుగారిది, దాన్ని అందరూ పోషించాలి. పలుపుతాడు వదలకుండా తల్లి రోడ్డుదాకా ఏడుస్తూ పరిగెత్తడం పిల్లాడు కళ్ళారా చూశాడు.

పెద్దయ్యాక అతని కొలిమే సభాస్థలం అయింది. "నేను వెళ్ళని గుడికి నేనెందుకు కట్టాలయ్యా? దేవుడికి రాజుగారి ముద్ర కావాలా? ముద్ర లేకపోతే పరలోకంలో తలుపు తియ్యరా?" అని అతను గర్జిస్తుంటే, లాడాల కోసం వచ్చిన రైతులు గుర్రాల సంగతే మర్చిపోయేవారు.

చర్చి పాదిరి పార్రీగారు కూడా గుర్రాన్ని తెచ్చి, ఇవన్నీ నింపాదిగా వినేవారు. ఒకరోజు ఉండబట్టలేక అన్నారు.

"ఇవాళ ఈ చర్చి ఊరందరిదీ సైలాస్. నువ్వు రాకపోయినా నీదే. నీ పెళ్ళికి గానీ, నీ చావుకి గానీ తలుపు తియ్యనని నేననడానికి లేదు. రేపు నువ్వు గెలిచావనుకో, అది వచ్చేవాళ్ళది మాత్రమే అవుతుంది. ఆలోచించుకున్నావా?"

"ఎప్పుడో ఆలోచించుకున్నాను పాదిరిగారూ. ముందు ఆ గుర్రాన్ని కదలకుండా పట్టుకోండి."

గెలిచాడు! 1920 వసంతంలో వేల్స్‌లో చర్చికీ సర్కారుకీ తెగతెంపులయ్యాయి. ఆ రోజు సైలాస్ ఆదివారం కోటు తొడుక్కుని మరీ దాగలి మీద సుత్తితో ఊరంతా అదిరేలా కొట్టాడు. ఆ తర్వాత ఒంటరిగా తల్లి సమాధి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నీ ఆవు ఇంటికొచ్చేసిందే" అన్నాడు. అంతటి మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మా ఊరి కమ్మరి రాజుగారితో తలపడి నెగ్గాడని చెప్పుకోవడం మాకు ఇప్పటికీ గొప్పే.

చలికాలం వచ్చింది. క్రిస్మస్‌నాడు చీకటుండగానే ఊరంతా, చర్చివాళ్ళూ మందిరంవాళ్ళూ, కొవ్వొత్తులు పట్టుకుని చర్చికి చేరతారు. దాన్ని మేం ప్లగైన్ అంటాం. పాదిరిగారు "ప్లగైన్ మొదలైంది" అని చెప్పి కూర్చుంటారు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ పిలవరు. బుద్ధిపుట్టిన కుటుంబం లేచి ముందుకెళ్ళి, తన పాట పాడుకుని వచ్చి కూర్చుంటుంది. ఒకరి పాట ఇంకొకరు ముట్టుకోరు. ప్యూ వాళ్ళ పాటకు మూడు గొంతులు కావాలి. సైలాస్ చెల్లెలు లోరి, ఆమె కూతురు మార్గెడ్, వాళ్ళిద్దరి కింద బరువైన సైలాస్ గొంతు. ముత్తాతల నాటి పాట అది. చర్చికి వెళ్ళే ఇంటికి కోడలైనా లోరి ఆ పాటను వదల్లేదు.

సైలాస్‌తో పాటే మందిరానికి వెళ్ళే గొర్రెలకాపరి ఎలియాజర్ ఓ సాయంత్రం కొలిమి దగ్గర చలి కాచుకుంటూ ఎకసెక్కమాడాడు.

"ఏరా సైలాసూ, ఈసారి ఏ మొహం పెట్టుకుని వెళ్తావురా? అది ఊరిది కాదని చట్టం చేయించిందే నువ్వాయె. ఇప్పుడు వాళ్ళింట్లోకి దూరి పాడతావా?"

సుత్తి ఆగిపోయింది. పాదిరిగారి పాత మాట అప్పుడు తగిలింది సైలాస్‌కి. ఇన్నాళ్ళూ ఊరివాడిగా వెళ్ళాడు. ఇప్పుడు ఏమని వెళ్ళాలి? వెళ్ళకపోతే ఇంటి పాట తన చేతుల్లోనే చచ్చిపోతుంది.

క్రిస్మస్‌కి ముందు పాదిరిగారు లాడాలకి వచ్చినప్పుడు, రమ్మని ఒక్క మాట అంటారేమోనని చూశాడు. ఆయన మంచు గురించి మాట్లాడారు. గుర్రం దగ్గు గురించి మాట్లాడారు. వెళ్ళిపోయారు.

"ఒక్క మాట పిలిస్తే ఆయన సొమ్మేం పోయిందే?" అన్నాడు చెల్లెలితో.

"ప్లగైన్‌కి పిలుపేంటన్నా, నీకేమైనా మతిపోయిందా?" అంది లోరి. "నువ్వు రా, మానుకో, నీ ఇష్టం. మేం మాత్రం లేచి నిలబడతాం. రెండు గొంతులతో మాత్రం చచ్చినా పాడం."

క్రిస్మస్ తెల్లవారుజామున సైలాస్ చర్చి బయట చెట్టు కింద మంచులో నిలబడ్డాడు. కొవ్వొత్తి కూడా తెచ్చుకోలేదు. లోపల ఒక కుటుంబం పాడింది, తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఎంతకీ ఎవరూ అందుకోరేం? ఆగలేక తలుపు సందులోంచి చూశాడు.

లోరి, మార్గెడ్ ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఇద్దరూ నోరు విప్పలేదు. చర్చి నిండా జనం, ఒక్కరూ గుసగుసలాడరు. పాదిరిగారు తల వంచుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడది ఆయన చర్చి. "తర్వాతివాళ్ళు రండి" అనొచ్చు. అనలేదు. వెనక్కి తిరిగి తలుపు వైపు కూడా చూడలేదు.

సైలాస్ టోపీ తీశాడు. మేకుల బూట్లు రాతినేల మీద టకటకలాడుతుండగా నడిచి వెళ్ళి ఖాళీలో నిలబడ్డాడు. లోరి శ్రుతి అందించింది. ఆ పొద్దు ఆ ముగ్గురూ పాడిన పాట విన్నాం, అదృష్టవంతులం!

బయట మంచులో ఎలియాజర్ ఎదురొచ్చాడు. వాడూ లోపలే ఉన్నాడు లెండి, ఉండకేం.

"అయితే చివరికి పాదిరిగారు పిలిచారన్నమాట!"

"ఎవరూ పిలవలేదురా," అన్నాడు సైలాస్, టోపీ పెట్టుకుంటూ. "పిలిస్తే రావడానికి నేనేం చుట్టాన్నా?"