పాటలో సందు

పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళ ఫోనులో పొద్దున్నే పిల్లల పాట మొదలైంది. అదే డబడబ వాయిద్యం, అదే పంచదార గొంతు, ఒకటి అయీ కాకముందే ఇంకొకటి. దోసె తిప్పబోయిన నా చేయి ఆగిపోయింది. ఒకప్పుడు ఈ మోత మా ఇంట్లోనే ఉండేది. దాన్ని గోడ అవతలి నుంచి ఆపించిన మనిషి సుగుణమ్మ టీచరు.

మదనపల్లెలో అప్పట్లో ఆ పక్కిల్లు ఆమెదే. మిషన్ బడిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పి రిటైరైంది. నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన మా పాపకు మూడేళ్ళు నిండినా ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. పాటలు వింటే మాటలొస్తాయని ఎవరో అంటే, పాప లేచింది మొదలు పడుకునేదాకా ఫోను మోగించేదాన్ని.

"యాలమ్మా, ఆ ఫోను అట్ల అరస్తాండాది?" అని ఒకనాడు టీచరు గోడ మీదుగా అడిగింది.

"పాప నేర్చుకుంటాదని పెట్టినా టీచరమ్మా. ఇబ్బందైతే కిటికీ మూసుకోండి."

"మూసుకుంటాలే. అది గుక్క తిప్పుకోకుండా పాడతాంటే, పిల్ల నోరు తెరిసేదానికి సందు యాడుండాది?"

వాదనలో ఓడిపోయే రకం కాదు నేను. "అయితే మీరే పాడండి. నేను పాడితే పక్కూరు కురబలకోటలో గొర్రెలు బెదురుతాయి," అన్నాను.

మరునాటి సాయంత్రమే వచ్చి మా గడపలో కూర్చుంది. పాట తను కట్టిందే. "ఎర్ర లారీ వచ్చెనే, ఏటవాలు దిగెనే, లారీ నిండా నిండుగా..." అని ఆపేసింది. సైగ లేదు, బతిమాలడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని పాప ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. మా ఊరి లారీల్లో ఎప్పుడూ ఉండేది ఒకటే. ఆ నిశ్శబ్దం భరించలేక "టమోటా!" అనేశాను.

"నిన్నడిగినానా? కాలేజీలో గూడా ఇంతేనా, ప్రశ్నా నీదే, జవాబూ నీదే?"

ఆ మాట నాకు కారంలా తగిలింది. కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాను. ఆమె మాత్రం రోజూ వచ్చి పాడేది, ఆపేది, చూసేది. పాప పలికేది కాదు. ఆమె ముఖంలో విసుగు వెతికాను, దొరికితే ఒక మాట అనొచ్చని. దొరకలేదు.

తర్వాత ఆమె కుప్పంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఒకటే చెప్పింది: "ఇంగ నువ్వే పాడల్ల. గొర్రెలు బెదిరితే బెదరనీ, పాప బెదరదు."

నేను పాడలేదు. మళ్ళీ ఫోనే పాడింది. వేసవి సెలవుల్లో ఆమెను చూడడానికి పాపతో కుప్పం బయల్దేరాను. బస్సు పుంగనూరు దాటాక ఫోను ఆరిపోయింది. పాప ఏడుపు లంకించుకుంది. బస్సంతా నావైపే చూస్తుంటే, గతిలేక గొంతెత్తాను. "లారీ నిండా నిండుగా..." దగ్గర ఆపాను. పాప ఏడుపు ఆగింది. ముందు సీటు పెద్దాయన నోరు తెరవబోయాడు. నేను చూసిన చూపుకు మూసేశాడు. బస్సు మలుపు తిరిగింది. పాప నా పెదాల వంకే చూసి, చూసి, "మోటా" అంది.

"నేను సెప్పలేదమ్మా, పాపే సెప్పింది!" అని పెద్దాయన బస్సంతటినీ సాక్ష్యానికి పిలిచాడు. నేను మాత్రం పాప జుట్టులో ముఖం దాచుకున్నాను.

కుప్పంలో అంతా చెబితే టీచరు మెచ్చుకోలేదు. పాపను ఒళ్ళోకి లాక్కుని, "దానికి దారి తెలిసింది. నువ్వు అడ్డం నిలబడొద్దు," అంది.

ఇప్పుడు పాపకు ఐదేళ్ళు. దోసె మాడిన వాసనకు వంటింట్లోకి వచ్చి, పక్కింటి పాట వింటూ మొహం ముడుచుకుంది. "అమ్మా, ఆ పాట యాల ఆగదు?"

జవాబు నా నాలుక చివరే ఉంది. స్టవ్ ఆపేసి, పాప ముందు కూర్చుని, ముఖంలోకి చూస్తూ నోరు మూసుకున్నాను.